పేషెంట్ తాలూకు ఒక్కరే అయితే: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో పిల్లలతో సర్కారు ఆసుపత్రికి ఎలా వెళ్లాలి

"పేషెంట్ లొక కిఎ?" అని వార్డు గుమ్మం దగ్గర సిస్టర్ కేకేస్తుంది. పేషెంట్ తాలూకు ఎవరు అని. ఆ కేక వినగానే మామూలుగా ఒకరు బిడ్డ దగ్గర ఉండిపోతారు, ఇంకొకరు చీటీ పట్టుకుని పరిగెడతారు. నాకు ఆ ఇంకొకరు లేరు. మా వాడికి నాలుగేళ్లప్పుడు జ్వరంతో చేర్పించాను. రెండో రోజు రక్తపరీక్ష కాగితం తేవడానికి కిందికి దిగి, ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చేసరికి వాడు సెలైన్ గొట్టం పీకేసుకుని మంచం కింద కూర్చున్నాడు. దుప్పటి మీద రక్తం మరకలు. పక్క మంచం ముసలమ్మ నన్ను చూసి "ఏటమ్మా, గుంటణ్ణి అలగ ఒగ్గీసి ఎలిపోనావు" అంది. ఏం చెప్పను?

ఆసుపత్రి నడిచే తీరే అంత. ప్రతి బిడ్డకూ ఇద్దరు పెద్దవాళ్లు వెంట వస్తారన్న లెక్క మీదే అక్కడ అన్నీ సాగుతాయి. ఆ రెండో మనిషి చేసే పనుల్లో సగం ఇంటి దగ్గరే చేసి పెట్టుకోవచ్చని నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్ల కోసం అది రాస్తున్నాను. భర్త పోయినా, వదిలేసినా, పెళ్లి కాకుండా తల్లయినా, భార్య పోయి పిల్లల్ని సాకుతున్న నాన్నయినా, మనవల్ని పెంచుతున్న అమ్మమ్మయినా సరే, చాలావరకు పనికొస్తుంది.

సంచి ఇప్పుడే కట్టండి

జబ్బు వచ్చాక కాగితాలు వెతకొద్దు. జిప్పున్న ప్లాస్టిక్ ఫైలు ఒకటి కొని మేకుకు తగిలించండి. మీ ఆధార్, పిల్లల ఆధార్, రేషన్ కార్డు, పుట్టిన సర్టిఫికెట్లు, టీకాల కార్డు, ఆయుష్మాన్ కార్డు, ఒక్కోదానికి నాలుగేసి జిరాక్సులు. ఒరిజినల్స్ వేరే కవర్లో. భర్త పోయి ఉంటే డెత్ సర్టిఫికెట్ జిరాక్సు కూడా. పిల్లల ఫొటోలు, మీ ఫొటోలు, పెన్ను, ఐదొందల రూపాయల చిల్లర. అన్నిటికీ ఫోన్లో ఫొటో తీసుకోండి. నమ్మకమున్న మనిషి ఒకరికి వాట్సాప్‌లో కూడా పంపించి ఉంచండి. అర్ధరాత్రి 108 ఎక్కినప్పుడు సంచి మర్చిపోతే ఆ ఫొటోలే దిక్కు.

ఇంకో కాగితం ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను. తెల్లకాగితం మీద బిడ్డ పేరు, వయసు, బరువు, ఇంతకుముందు వచ్చిన జబ్బులు, పడని మందులు, వాడుతున్న మందులు, మీరు కాక ఫోన్ చేయాల్సిన ఇద్దరి నంబర్లు రాసి ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి. మీరు మందుల దగ్గర ఉన్నప్పుడు డాక్టర్ రౌండ్‌కి వస్తే మీ బదులు ఆ కాగితం మాట్లాడుతుంది. ఒడియా వచ్చినవాళ్లతో దాన్ని ఒడియాలోనూ రాయించుకోండి.

ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతోంది?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతున్నారు. గంజాం వైపు మగవాళ్లు సూరత్ మగ్గాలకు వెళ్లడం ఎప్పటినుంచో ఉన్నదే. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రారు, డబ్బూ పంపరు. ఇంట్లో ఆధార్‌లకు లింకైన ఫోన్ నంబర్ మాత్రం ఆయనదే. ఇక్కడ కార్డు ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం, చేయబోతే ఓటీపీ సూరత్‌లో మోగుతుంది. ఆయనేమో ఫోన్ ఎత్తడు.

ముందు మీ ఆధార్‌కి మీ సొంత నంబర్ పెట్టించుకోండి. ఆధార్ కేంద్రానికి మీరే వెళ్లి వేలిముద్ర వేస్తే చాలు, పాత నంబరుకు ఓటీపీ వెళ్లాల్సిన పని లేదు. ఆ తర్వాత బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు వరుసగా. ఐదేళ్లలోపు పిల్లలకు బాల ఆధార్ తీసుకోవాలంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి ఆధార్, వాళ్ల వేలిముద్ర సరిపోతాయి. ఇద్దరూ రావాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పిల్లకు ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఒకసారి వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. చేయించకపోతే సరిగ్గా ఆసుపత్రి కౌంటర్ దగ్గరే ఆధార్ మొరాయిస్తుంది.

కార్డు సంగతి

ఒడిశాలో 2018లో బీజూ స్వాస్థ్య కల్యాణ యోజన మొదలైంది. తర్వాత స్మార్ట్ కార్డులిచ్చారు, 2024లో దానికి గోపబంధు జన ఆరోగ్య యోజన అని పేరు మార్చారు. 2025 ఏప్రిల్‌లో కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌ను దీనితో కలిపి అమల్లోకి తెచ్చారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. ఇంట్లో 70 ఏళ్లు దాటిన అమ్మమ్మ ఉంటే ఆదాయంతో సంబంధం లేకుండా ఆవిడకు ఆయుష్మాన్ వయ వందన కార్డు విడిగా వస్తుంది. పిల్లల్ని చూసేది ఆవిడే అయినప్పుడు ఆవిడ ఆరోగ్యం కూడా పిల్లల ఆరోగ్యం కిందికే వస్తుందని మర్చిపోకండి.

కుటుంబానికిచ్చే ఆయుష్మాన్ కార్డుకు మూలం రేషన్ కార్డు. అందులో పేరు లేని బిడ్డకు ఇందులోనూ పేరుండదు. ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా రాయాల్సింది ఇంట్లో అందరికన్నా పెద్దదైన, 18 ఏళ్లు దాటిన ఆడమనిషినే. కాబట్టి మొగుడు లేడు, పెద్ద ఎవరు అన్న ప్రశ్న అక్కడ రాకూడదు. అత్తగారి కార్డులో మీ పేరు ఇరుక్కుపోయి ఉంటే, పేరు తీయించుకుని పిల్లలతో కలిపి కొత్త కార్డుకు పెట్టుకోండి. అత్తింటివాళ్లు సంతకం పెట్టబోమని బెట్టు చేస్తే బ్లాకు ఆఫీసులో సప్లై ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చెప్పనట్టే లెక్క.

భర్త బయటి రాష్ట్రంలో పోతే డెత్ సర్టిఫికెట్ ఇక్కడ ఇవ్వరు, మనిషి ఎక్కడ పోతే అక్కడే రిజిస్టర్ అవుతుంది. సూరత్‌లో పోతే అక్కడి మున్సిపల్ కార్పొరేషన్‌లోనే. శవాన్ని తెచ్చే హడావిడిలో ఆ కాగితం ఎవరికీ గుర్తుండదు. తర్వాత ఒక్క ఆడమనిషి బిడ్డను చంకనేసుకుని అంత దూరం పోవాల్సి వస్తుంది. అక్కడున్న మన ఊరివాళ్లెవరికైనా ముందే చెప్పి తెప్పించుకోండి.

"బాపా కెఉంఠి?"

తండ్రి ఎక్కడ అని అడుగుతారు. కౌంటర్లో అడుగుతారు, ఆపరేషన్ కాగితం దగ్గర అడుగుతారు, టీకాల దగ్గర కూడా అడుగుతారు. ఒకసారి ఒక గుమస్తా నా ఫారం పక్కన పెట్టేసి, పితాంక నామ, అంటే తండ్రి పేరు, అన్న గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ తీసుకోదు అన్నాడు. నా వెనక యాభై మంది. నాకు ఏడుపొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. పనైతే కాలేదు. ఇప్పుడైతే ఏం చేయాలో తెలుసు.

తండ్రి పోయి ఉంటే ఆయన పేరు రాసి పక్కన లేరని రాయండి. ఎక్కడున్నాడో తెలియకపోతే పేరు మాత్రం రాసి, ఫోన్ గడిలో మీ నంబర్ రాయండి. పెళ్లి కాని తల్లి అయితే తండ్రి పేరు చెప్పాల్సిన అవసరమే లేదు. 2015 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది: ఒంటరి తల్లి గానీ పెళ్లి కాని తల్లి గానీ తన బిడ్డకు పుట్టిన సర్టిఫికెట్ అడిగితే, ఆమె నుంచి ఒక అఫిడవిట్ మాత్రమే తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చి తీరాలి. పుట్టిన 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే ఖర్చు లేదు. డిశ్చార్జి అయ్యేలోపు ఆసుపత్రిలోనే వివరాలు ఇచ్చేయండి, మళ్లీ తిరగక్కర్లేదు.

ఆపరేషన్ సంతకం దగ్గర కూడా తల్లి సంతకం తక్కువదేం కాదు. తండ్రి బిడ్డను పట్టించుకోని చోట తల్లే సహజ సంరక్షకురాలని 1999లోనే గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "నేను తల్లిని, బిడ్డ నా దగ్గరే ఉంది, సంతకం నేనే పెడతాను" అని మెల్లిగా, గట్టిగా చెప్పండి. అయినా ఒప్పుకోకపోతే అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి, సూపరింటెండెంట్ గది అడగండి. కోర్టు పేర్లు కౌంటర్లో విసరొద్దు, అక్కడ అవి రెచ్చగొట్టినట్టు ఉంటాయి, సూపరింటెండెంట్ దగ్గర చెప్పండి. అమ్మమ్మ దగ్గర బిడ్డను వదిలి మీరు పనికి పోయేవాళ్లయితే, "నేను లేనప్పుడు మా అమ్మ ఫలానా వైద్యానికి ఒప్పుకోవచ్చు" అని రాసి, మీ ఫోన్ నంబర్‌తో ఆ చీటీ ఫైలులో పెట్టండి.

గర్భం వద్దనుకున్న ఆడమనిషి 18 ఏళ్లు దాటి ఉంటే తన ఒక్కతి సంతకం చాలు. మొగుడి సంతకం తెమ్మనడం చట్టంలో లేదు.

పొద్దున ఓపీకి

ఎనిమిదికి కౌంటర్ తెరుస్తారంటే ఏడుకే అక్కడుండండి. బిడ్డను చంకలో పెట్టుకుని వరసలో నిలబడలేరు. ఆసుపత్రిలో క్యూఆర్ కోడ్ అంటించి ఉంటే, ఫోన్లో మీ ఆభా ఖాతాతో స్కాన్ చేసి టోకెన్ తీసుకోవచ్చు. ఆభా అంటే ఆరోగ్య రికార్డులకు సర్కారు ఇచ్చే 14 అంకెల నంబర్, ఇంటి దగ్గరే తీసి పెట్టుకోండి. లేకపోతే వరసలో ముందున్న అక్కకు మీ చీటీ ఇచ్చి కూర్చోండి. సిగ్గుపడకండి, రేపు ఆవిడది మీరు పట్టుకోవచ్చు.

వెళ్లే ముందు రోజే మీ ఆశా దీదీకి ఫోన్ చేయండి. గర్భిణులకూ పసివాళ్లకూ ఆవిడ తోడు రావచ్చు. సిస్టర్లు ఆవిడ మాట వింటారు. ఏ డాక్టర్ ఏ రోజు ఉంటాడో కూడా ఆవిడకే తెలుస్తుంది. చిన్న జబ్బయితే ఊళ్లోని సర్కారు ఆరోగ్య కేంద్రం, ఆరోగ్య మందిరం నుంచి ఈసంజీవని వీడియో కాల్‌లో డాక్టర్‌కి చూపించవచ్చు. బస్సు ఛార్జీ, ఒక రోజు కూలీ మిగులుతాయి.

భాష టెన్షన్ చాలామందికి. బరంపురంలో, పర్లాకిమిడిలో తెలుగు వచ్చిన సిస్టర్ ఎవరో ఒకరు తగులుతారు. కోరాపుట్ పెద్దాసుపత్రిలో, మల్కన్‌గిరిలో ఆ హామీ ఇవ్వలేను. ఈ కొన్ని మాటలు నేర్చుకోండి చాలు. "మో సాంగరె కెహి నాహాన్తి" అంటే నా వెంట ఎవరూ లేరు. "ధీరె కుహన్తు" అంటే నెమ్మదిగా చెప్పండి. బాన్తి అంటే వాంతి, ఝాడా అంటే విరేచనాలు, కాశ అంటే దగ్గు. జ్వరం జ్వరమే. మొదటి వాక్యం వార్డులో అడుగు పెట్టగానే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. మీరు ఒక్కరే అని ముందే తెలిస్తే సిస్టర్ మిమ్మల్ని పంపే ముందు ఆలోచిస్తుంది. నేను చెప్పకుండా బింకంగా ఉన్నందుకే ఆ రోజు సెలైన్ ఊడింది.

చేర్చుకున్నారు, ఇప్పుడు?

ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే అసలు సమస్య అదే. చేర్పించే ముందే ఎవరి దగ్గర ఉంచాలో ఇద్దరితో మాట్లాడి పెట్టుకోండి, ఒకరు కుదరకపోతే ఇంకొకరు. పోషకాహార లోపంతో బక్కచిక్కిన పిల్లల్ని ఎన్ఆర్‌సీలో, అంటే పోషకాహార పునరావాస కేంద్రంలో, సుమారు రెండు వారాలు ఉంచుతారు. అక్కడ తోడున్నవాళ్లకు భోజనం, పని పోయినందుకు కొంత డబ్బు కూడా ఇస్తారు. అయినా ఒంటరి తల్లులు ఐదో రోజునే వెళ్లిపోతుంటారు, ఇంటి దగ్గర పెద్దదానికి అన్నం పెట్టేవాళ్లు లేక. చేరే రోజునే పెద్ద బిడ్డను కూడా ఉంచుకోవచ్చేమో ఇన్‌ఛార్జి సిస్టర్‌ను అడగండి, లేదంటే అంగన్‌వాడీ దీదీతో మాట్లాడి మధ్యాహ్నం భోజనమైనా చూసుకోండి.

వార్డులో చేయాల్సింది ఒకటే. మంచం దిగే ప్రతిసారీ పక్క మంచం వాళ్లకు చెప్పి, ఎన్ని నిమిషాల్లో వస్తారో కూడా చెప్పండి. తిరుగుళ్లన్నీ ఒకేసారి చుట్టేయండి. రక్తపరీక్ష, మందులు, జిరాక్సు, ఫోన్ ఛార్జింగ్ అన్నీ ఒక్క దిగుడులో. రాత్రి ఎనిమిది దాటాక వార్డు వదలొద్దు. బరంపురంలాంటి పట్టణాల్లో సర్కారు ఆహార్ కేంద్రాల్లో ఐదు రూపాయలకే అన్నం, దాల్మా (కూరగాయల పప్పు) దొరుకుతాయి. వాటి వేళలు ముందు కనుక్కోండి, అయిపోయాక వెళితే ఏమీ ఉండదు.

మందులు బయట కొనమని చీటీ రాస్తే, సర్కారు ఉచిత మందుల పథకం నిరామయ కౌంటర్లో ఉందా అని ఒకసారి అడిగి వెళ్లండి. పరీక్షలకు నిదాన్ అని ఇంకో పథకం ఉంది. ఆయుష్మాన్ కార్డుతో చేర్పించారా లేదా అన్నది ఆసుపత్రిలో కార్డు పనులు చూసే స్వాస్థ్య మిత్ర డెస్కులో చేరిన రోజే రాయించుకోండి. డిశ్చార్జి రోజు గుర్తొస్తే ఆలస్యమైపోతుంది.

తండ్రులకు

మీ కష్టం వేరు. పిల్లల వార్డులో, ముఖ్యంగా బాలింతల పక్క వార్డుల్లో, రాత్రి మగవాళ్లను ఉండనివ్వరు. బిడ్డ ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తుంటే మీరు మెట్ల మీద నిలబడాలి. అక్కనో వదిననో పిన్నినో రెండు రాత్రుల కోసం ముందే అడిగి పెట్టుకోండి. ఎవరూ లేకపోతే ఇన్‌ఛార్జి సిస్టర్‌తో పగలే మాట్లాడి, బిడ్డ మంచం గుమ్మానికి దగ్గరగా వేయించమనండి. ఎన్ఆర్‌సీలో తోడుండేది తల్లే కానక్కర్లేదు, బిడ్డను చూసే మనిషి ఎవరైనా కావచ్చు. టీకాల రోజు, అంగన్‌వాడీ రేషన్ రోజు ఆశా దీదీలు తల్లుల ఫోన్లకే చెబుతారు. మీ నంబర్ ఆవిడ రిజిస్టర్లో రాయించుకోవడం మీ పని.

గర్భిణి అయితే

ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణుల చెకప్ ఉంటుంది. కాన్పుకు 102 అంబులెన్స్ ఉచితం, తిరిగి ఇంటికి దింపేది కూడా అదే, ఏడాదిలోపు బిడ్డకు జబ్బు చేసినా అదే వస్తుంది. సర్కారు ఆసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, భోజనం అన్నీ ఉచితం. సిజేరియన్ అయితే ఏడు రోజుల భోజనం. ఒడిశా పల్లెల్లో జననీ సురక్ష కింద 1400 రూపాయలు తల్లి ఖాతాలోనే పడతాయి. పెళ్లయిందా లేదా అన్నది ఇందులో షరతు కాదు. కొండల్లో ఉండి, నొప్పులొచ్చేసరికి ఆసుపత్రి దూరమవుతుందనిపిస్తే, కాన్పుకు ముందు గర్భిణులు ఉండే సర్కారు వసతి 'మా గృహ' ఎక్కడుందో ఆశా దీదీని అడగండి. తేదీకి కొద్ది రోజుల ముందే వెళ్లి అక్కడ ఉండొచ్చు. ఒంటరిదానికి అర్ధరాత్రి నొప్పులతో బండి వెతుక్కోవడం కన్నా అదే నయం.

సికిల్ సెల్ గురించి ఒక్క మాట

ఇది పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు, రాయగడ, కోరాపుట్ వైపు మామూలు. బిడ్డ మాటిమాటికీ కాళ్లు చేతుల నొప్పులంటుంటే, పాలిపోతుంటే పరీక్ష చేయించండి. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. అందుకే డాక్టర్ తండ్రి రిపోర్టు అడుగుతాడు. ఆయన లేకపోతే ఆగిపోకండి, బిడ్డ రక్తంతోనే తేలిపోతుంది. జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం 2023 జూలైలో మొదలైంది, 40 ఏళ్లలోపు వాళ్లకు ఉచితంగా పరీక్ష చేస్తారు.

వైజాగ్ పోదామా?

పర్లాకిమిడి దాటితే పాతపట్నం, బరంపురం దాటితే ఇచ్ఛాపురం. భాష మనది, చుట్టాలు అక్కడే. మనసు అటే లాగుతుంది. కానీ ఆంధ్రా వారి వైద్య సేవ పథకం ఆంధ్రా రేషన్ కార్డు వాళ్లది, మీ ఒడిశా కార్డు దానికి పనికిరాదు. ఆయుష్మాన్ కార్డు మాత్రం ఆ పథకంలో ఉన్న ఏ రాష్ట్రం ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది. వెళ్లే ముందు 14555కు ఫోన్ చేసి, ఆ ఆసుపత్రి ఉందా, మీ బిడ్డ జబ్బుకు ఆ ప్యాకేజీ ఉందా అని రెండూ అడగండి. నా అభిప్రాయం అడిగితే, ఒక్కరే ఉన్నప్పుడు దగ్గరి ఆసుపత్రే మేలు. దూరం పోయిన కొద్దీ మంచం దిగి పరిగెత్తాల్సిన పనులు పెరుగుతాయి, పక్కింటి అక్క అంత దూరం వచ్చే వీలుండదు.

ఎవరికి చెప్పుకోవాలి

ఎమర్జెన్సీలో డబ్బు, కాగితం, తండ్రి సంతకం అని వైద్యం ఆపకూడదు. ప్రాణం కాపాడే పనికి ఏ పద్ధతీ అడ్డు రాకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆపితే ముందు సూపరింటెండెంట్, తర్వాత 104, ఆపైన జిల్లా వైద్యాధికారి. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో రాతపూర్వకంగా ఇచ్చినా పట్టించుకుంటారు. తేదీ, టైము, కౌంటర్ నంబరు రాసిపెట్టుకోండి. కోపం తగ్గాక అవే మర్చిపోతాం.

ఇంటికెళ్లే రోజు

డిశ్చార్జి కాగితం చేతికివ్వగానే ఫొటో తీయండి. మందులిచ్చే అబ్బాయి ఒక్కో మందునూ చూపిస్తూ గబగబా చెప్పేస్తాడు. "ఖాఇబా ఆగరు" అంటే తినకముందు, "ఖాఇబా పరె" అంటే తిన్నాక. "దినకు దుఇ థర" అంటే రోజుకు రెండుసార్లు. అక్కడే నిలబడి, ఒక్కో అట్ట మీద పెన్నుతో తెలుగులో రాసుకోండి. పొద్దున, రాత్రి, తిన్నాక. వెనక వరస గొణుగుతుంది, గొణగనివ్వండి. ఇంటికొచ్చాక అడగడానికి ఎవరూ ఉండరు. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో ఆ తేదీ ఫోన్లో అలారం పెట్టుకుని, వాడేసిన జిరాక్సులు ఎన్నో లెక్క చూసుకుని, కొత్తవి తీయించి ఫైలు మళ్లీ మేకుకు తగిలించండి.